ఒక మీటరు కెరటము

“ఉత్తరకోస్తా తీరము వెంబడి గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగముతో గాలులు వీచును. సముద్రము అలజడిగా నుండును. మత్స్యకారులు వేటకు పోరాదు.” ఈ తీరు వాక్యములు రేడియోలో వినని తెలుగు కుటుంబము ఉండదు. మెట్టప్రాంతముల యిండ్లలో ఇవి వార్తల చివర తోకవలె వినవచ్చి, తరువాతి పాట మొదలగుటతోడనే మరపునకు వచ్చును. భీమునిపట్టణమునందో, ఉప్పాడయందో వినువారికి మాత్రము ఆ మూడు వాక్యములలో ఆనాటి కూడు ఇమిడియుండును. ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఇమిడియుండును.

ఇందు “అలజడి” యను మాట కవి వాడినట్లు వాడినది కాదు. దానికి కొలత కలదు. ప్రపంచ వాతావరణ సంస్థవారి పట్టికలో కెరటములు 1.25 నుండి 2.5 మీటర్ల యెత్తున నున్న సముద్రము మోస్తరు, 2.5 నుండి 4 మీటర్ల వరకు అలజడి; 4 నుండి 6 మీటర్ల వరకు మిక్కిలి అలజడి. కాని యివి నడిసముద్రమునకు చెప్పిన మాటలు. ఒడ్డున ఇసుకలో నిలిచి, తెప్పను నీటిలోనికి త్రోయవచ్చునా, పిల్లలను మోకాలి లోతునకు దింపవచ్చునా అని చూచువానికి ఇవి చాలవు. ఒడ్డుకెరటమునకు వేరు లెక్క యున్నది. ఆ లెక్క తెలియక మేము పడిన పాటు ముందు చెప్పి, లెక్క తరువాత చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో ఒకనాటి ఉదయము బంధువుల పిల్లలను నలుగురిని వెంటబెట్టుకొని, విశాఖపట్టణమునకు ఉత్తరముననున్న ఋషికొండ తీరమునకు పోయితిమి. ముందునాటి రాత్రియే సముద్రపు సూచన చూచియుంటిమి. కెరటము ఎత్తు 1 మీటరు అనియు, గాలి స్వల్పమనియు అందులో ఉన్నది. మీటరనగా నడుమెత్తు. ఇక భయమేమి? తీరమునకు చేరునప్పటికి నీరు నూనె పోసినట్లుండెను. చెప్పులు, తువాళ్లు, ఫలహారపు డబ్బా నీటికి ముప్పది అడుగుల దూరమున పొడి ఇసుకమీద నుంచితిమి. పావుగంటసేపు పాదములు తడుపు కెరటములు తప్ప మరేమియు రాలేదు. పిల్లలు మోకాలి లోతునకు దిగిరి.

అంతలో దూరమున నీటిమీద నాలుగైదు నల్లని గీతలు, పొలములో గట్లవలె ఒకదాని వెనుక ఒకటి కనబడినవి. మొదటిది ఇసుకమెరకపై విరిగినది. రెండవది పిల్లల నడుమునకు వచ్చినది. మూడవది మమ్మందరను పడద్రోసి, పొడి ఇసుకపై నున్న డబ్బాను, చెప్పులను కూడ తీసికొని పోయినది. అందరిలో చిన్నవాని చేయి అప్పటికి మా చేతిలో నున్నది గనుక సరిపోయినది. ఆ పట్టు జారియున్న నేమగునో తలచుటకు ఇప్పటికిని మనసొప్పదు.

ఆ చేరువనే వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు లేచివచ్చి, పిల్లలను పైకి చేర్చి, మాతో ఇట్లనెను: “గాలి సూసి దిగినారు గానీ కెరటం ఎడం సూడనేదేటి బాబూ? కెరటానికీ కెరటానికీ మద్దిన ఊపిరెక్కువుంటే దాని ఎనకాల బలం ఎక్కువ.” ఇంటికి వచ్చి సూచనను మరల చూచితిమి. ఎత్తు పక్కనే ఇంకొక గడియున్నది. అందు 15 సెకనులు అని వ్రాసియున్నది. దానిని మేము రాత్రి చదువనైనను లేదు.

ఆ వృద్ధుడు ఎడమనినదియు, శాస్త్రజ్ఞులు ఆవర్తన కాలమనునదియు ఒక్కటే. ఒక కెరటపు శిఖరము మన యెదుట దాటిన తరువాత రెండవ శిఖరము వచ్చుటకు పట్టు కాలము. ఎత్తు ఒక్కటే యైనను ఎడము మారినచో సముద్రము మారును. 6 సెకనుల యెడముగల కెరటము సమీపముననే, నిన్ననో నేడో వీచిన గాలికి పుట్టినది. లోతైన నీటిలో దాని పొడవు, అనగా శిఖరమునుండి శిఖరమునకు దూరము, సుమారు 56 మీటర్లు. 15 సెకనులదాని పొడవో 350 మీటర్లు. కెరటము తన పొడవులో సగము లోతువరకు నీటిని కదల్చును. కావున మొదటిది 28 మీటర్ల లోతునకు వచ్చువరకు అడుగును ఎరుగదు. రెండవది 175 మీటర్ల లోతుననే అడుగును తాకి, అక్కడనుండి నెమ్మదించుచు, వెనుకనున్న బలమంతయు ముందునకు నెట్టుకొని వచ్చుచు, ఒడ్డు చేరునప్పటికి ఎత్తు పెరుగును. ఒడ్డునకు నేరుగా వచ్చినచో, నడిసముద్రమున మీటరున్న 6 సెకనుల కెరటము విరుగునప్పుడు ఒకటింబావు మీటరుండును. 15 సెకనులదియైనచో సుమారు ఒకటిముప్పావు మీటరు. నడుమెత్తు అనుకొన్నది మనిషి యెత్తున విరుగును. అది తెచ్చు శక్తియు రెండున్నర రెట్లుండును. పొడి ఇసుకమీది డబ్బా పోవుటలో వింత లేదు.

ఇంతటి కెరటము గాలిలేని ఉదయమున ఎక్కడనుండి వచ్చినది? దక్షిణార్ధగోళమున, నలుబదవ అక్షాంశమునకు దిగువ, భూమి యడ్డులేక పడమటిగాలులు ఏడాది పొడుగునను వీచు సముద్రమున్నది. అక్కడి తుపానులలో పుట్టిన దీర్ఘకెరటములు హిందూమహాసముద్రమును దాటి మన దాక వచ్చును. 15 సెకనుల కెరటముల గుంపు గంటకు సుమారు 42 కిలోమీటర్లు, దినమునకు వేయి కిలోమీటర్లు నడచును. ఆ తావునకును విశాఖపట్టణమునకును దూరము సుమారు ఏడువేల కిలోమీటర్లు. అనగా మా చెప్పులను కొనిపోయిన కెరటము వారము దినముల క్రిందట, మా ప్రయాణమునకు టిక్కెట్లు కొనకముందే, బయలుదేరినది. కేరళ తీరమున వేసవి దినములలో ఇట్టి కెరటములు ఆకాశము నిర్మలముగా నుండగనే వచ్చి యిండ్లలో జొరబడును. వానిని అక్కడి జాలరులు కళ్లక్కడల్ అందురు. దొంగవలె వచ్చు సముద్రమని అర్థము. ఈ పేరును 2012 లో యునెస్కోవారును శాస్త్ర పరిభాషలోనికి అంగీకరించిరి.

ఇది వట్టి ఊహ కాదని 1963 లో వాల్టర్ మంక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పసిఫిక్ మహాసముద్రమున నిరూపించిరి. న్యూజీలాండు మొదలు అలాస్కా వరకు ఒకే వరుసలో కొలతసాధనములనుంచి, దక్షిణమున పుట్టిన కెరటములు దీవి తరువాత దీవి దాటుచు ఉత్తరపు కొసకు చేరుట కనిపెట్టిరి. ఎడము ఎక్కువగల కెరటములు వేగముగా నడచును గనుక అవియే ముందు చేరును; తక్కువవి తరువాత వచ్చును. ఈ తేడాను బట్టి తుపాను ఎంత దూరమున పుట్టినదో ఒడ్డున కూర్చుండియే లెక్కింపవచ్చును.

ఈ మంకుయే యువకుడుగా నుండగా, నార్వే దేశీయుడైన హెరాల్డ్ స్వెర్‌డ్రుప్‌తో గూడి, ఒడ్డుకెరటములను ముందుగా చెప్పు పద్ధతిని నిర్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులను పడవలలో ఇసుకతీరములపై దింపవలసివచ్చినది. కెరటము తలయెత్తున విరిగినచో శత్రువు గుండు అక్కరలేదు, నీరే చంపును. 1944 జూన్ 5 న నార్మండీ తీరమున దిగవలసిన సేనలు వాతావరణము బాగుండక 6 న దిగిన సంగతి చరిత్ర ప్రసిద్ధము. మనము నేడు సూచనలో చదువు “కెరటము ఎత్తు” అనునది ఈ యిద్దరు వాడుకలోనికి తెచ్చిన కొలతయే. అది అన్ని కెరటముల సగటు కాదు, అన్నిటిలో పెద్దదియును కాదు. వచ్చు కెరటములలో పెద్దవైన మూడవ వంతును తీసి, వాని సగటు కట్టిన అంకె. అనుభవముగల నావికుడు కంటితో చూచి చెప్పు ఎత్తు ఇంచుమించు ఇదేయగును.

ఈ సంగతి యిండ్లలో తెలియుట అవసరము. సూచనలో 1 మీటరున్నచో మీటరు మించిన కెరటము రాదని అర్థము కాదు. దాదాపు మూడువేల కెరటములలో ఒకటి దానికి రెండింత లుండును. 10 సెకనులకొక కెరటము చొప్పున మూడువేలు వచ్చుటకు ఎనిమిది గంటలకు పైగా పట్టును. అనగా ఒక పగటిలో ఒకటి రావచ్చును. అది ఎప్పుడు వచ్చునో ఏ పట్టికయు చెప్పదు.

నేడు మన తీరములకు ఈ సూచనలు తయారుచేయువారు సముద్రపు గాలి సోకని హైదరాబాదులో నున్నారు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము 1999 లో అక్కడ ఏర్పడినది. ఉపగ్రహముల కొలతలును, గాలుల లెక్కలును, విశాఖపట్టణము మొదలైన చోట్ల నీటిపై తేలుచు కెరటములను కొలుచు బోయాలు పంపు అంకెలును చేర్చి, గణకయంత్రములచే లెక్క గట్టించి, ముందు దినములకు ఎత్తు, ఎడము, దిక్కు, గాలి తెలుపుదురు. తుపాను హెచ్చరికలు వాతావరణ శాఖవారివి. విశాఖపట్టణమున వారికి ప్రత్యేక కేంద్రమున్నది. ఓడరేవులో ఎగురవేయు ఒకటి మొదలు పదునొకండు వరకుగల ప్రమాద సూచికలు వారు చెప్పినట్లు ఎగురవేయునవే.

దిక్కు సంగతి. విశాఖ తీరము ఈశాన్యమునుండి నైరుతికి ఒరగి, ముఖము ఆగ్నేయమునకు త్రిప్పియుండును. నేరుగా నైరుతినుండి రాదలచిన కెరటమునకు భూమియే అడ్డు. దక్షిణపు కెరటములలో పడమటికి మరింత మొగ్గినవానిని సింహళ ద్వీపము కొంత ఆపును. కావున మనకు తగులునవి దక్షిణమునకును తూర్పునకును నడుమ వచ్చునవి. పట్టణములోనే రామకృష్ణా బీచి దక్షిణపు కొసకు యారాడ కొండ, అనగా ఓడలవారు డాల్ఫిన్ నోస్ అనునది, చాటుగా నిలిచి దక్షిణపు కెరటములను విరిచివేయును. ఋషికొండ కా చాటు తక్కువ. ఒకే సూచన, ఒకే ఉదయము. పది కిలోమీటర్ల లోపల రెండు తీరులు.

ఇక గాలి. తెల్లవారుజామున నేలపైనుండి సముద్రముమీదికి పిల్లగాలి వీచినచో, అది వచ్చు కెరటము ముఖమునకు ఎదురునిలిచి దానిని నున్నగా నిలువబెట్టును. అట్టి కెరటము ఆలస్యముగా, తక్కువ లోతున, ఒక్కసారిగా వంగి పడును. పలకపై నిలిచి కెరటముమీద జారు సర్ఫింగు ఆటవారు ఆ ఉదయములకై కాచుకొనియుందురు. మధ్యాహ్నమునకు నేల వేడెక్కి సముద్రపు గాలి ఒడ్డునకు తిరిగినచో, కెరటములు ముందుగానే చెదరి, దూరమునుండి నురుగు నురుగుగా వచ్చును. చూచుటకు మొదటిది ముద్దుగను, రెండవది భయముగను కనబడును. కాని గాలితో తేలు వస్తువులకు ఈ రెంటిలో మొదటిదియే ప్రమాదము. గాలి నేలనుండి వీచునప్పుడు మోటారు ట్యూబుమీద పిల్లవానిని కూర్చుండబెట్టి నీట వదలినచో, ఆ నున్నని నీటిమీద వాడు చప్పుడు లేకుండ లోనికి పోవును. ఇట్టి ఆటను మేము కన్నులార చూచితిమి గనుక చెప్పుచున్నాము.

పోటుపాట్లు మన తీరమున మరీ పెద్దవి కావు. అమావాస్యకును పున్నమికిని విశాఖలో హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర మీటరు. అయినను ఒడ్డుకెరటమునకు ఆ ఒకటిన్నరయే చాల పెద్ద తేడా. ఏలయన కెరటము తన యెత్తుకు సుమారు ఒకటింబావు రెట్ల లోతున విరుగును. పోటులో మెరకలు మునిగి, కెరటము వానిని దాటి వచ్చి ఒడ్డుననే పడును. పాటులో మెరకమీదనే విరుగును.

ఈ మెరకల సంగతియే అన్నిటికంటె ముఖ్యము. దీనినే ఏ సూచనయు చెప్పలేదు. ఋషికొండవంటి ఇసుకతీరమున అడుగు నిలుకడైనది కాదు. ఒడ్డునకు కొంత దూరమున ఇసుక మేటలు కట్టును, తెగును, జరుగును. మన తూర్పుతీరమున ఏటికి నికరముగా ఇసుక ఉత్తరమునకు నడచును. విశాఖ ఓడరేవు మొగవద్ద ఆ నడక ఆగును గనుకనే, అక్కడ చేరిన ఇసుకను త్రవ్వి పట్టణపు తీరమునకు పంపు ఏర్పాటు చేసిరి. 1950 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికను శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండు, ఇక్కడివారితో గూడి వాల్తేరు తీరమున ఋతువునుబట్టి ఇసుక పోకరాకలను కొలిచి ప్రకటించెను. ఋతువు సంగతి యటుండగా, 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఆ తీరమును కొన్ని గంటలలో తారుమారు చేసినది. హైదరాబాదులోని లెక్క కిలోమీటర్ల గళ్లలో నడచును. ముప్పది గజముల వెడల్పుగల తెగిన మేట దానికి కనబడదు. మనకు కనబడును, చూడ నేర్చినచో.

ఎట్లనగా, మేటమీద విరిగిన కెరటములు ఒడ్డువైపునకు నీటిని మోసికొని వచ్చుచునే యుండును. ఆ నీరు మరల సముద్రములోనికి పోవలెను గదా. మేట తెగిన చోటునకు పక్కలనుండి చేరి, ఆ సందులో ఏరువలె లోనికి పారును. పత్రికలలో రిప్ కరెంటు అని వ్రాయునది ఇదియే. ఆ సందులో లోతెక్కువ గనుక కెరటము విరుగదు. అటు నురుగు, ఇటు నురుగు, నడుమ ముదురు రంగున ప్రశాంతముగా ఒక బాట కనబడును. సముద్రమును ఎరుగనివారు కుటుంబముతో వచ్చి, కెరటములు లేని చోటు ఇదేయని పిల్లలను అక్కడనే దింపుదురు. ఇది వారి తెలివితక్కువ కాదు. చెరువులోను ఏటిలోను నేర్చిన బుద్ధి అట్లే చెప్పును. సముద్రపుటొడ్డున మాత్రము ఆ బుద్ధి తిరుగబడును.

ఆ బాటలో నీరు సాధారణముగా సెకనుకు అర మీటరు చొప్పున లాగును. కెరటము పెద్దదైన దినములలో రెండు మీటర్లు మించును. పందెములలో గెలుచు ఈతగాడును దానికి ఎదురీది గెలువలేడు. ఈడ్వబడినవారిలో అనేకులు పోవుట నీరు క్రిందికి లాగుటవలన కాదు. అది లోనికి లాగునేగాని క్రిందికి లాగదు. ఒడ్డు కనబడుచున్నది గదా యని దానివైపే ఎదురీది, బలముడిగి మునుగుదురు. ఆ బాట వెడల్పు తక్కువ. అందు చిక్కినవారు ఒడ్డునకు సమాంతరముగా పక్కకు ఈది దాటవలెను. దాటిన పిమ్మట అక్కడ విరుగు కెరటములే ఒడ్డునకు చేర్చును. ఈత రానివారు చేయి పైకెత్తి, కేకవేయుచు, తేలియుండుటకు ప్రయత్నింపవలెను. వారిని చూచినవారు వెంటనే నీట దూకరాదు. తాడో, గాలినింపిన ట్యూబో, మూతబిగించిన ఖాళీడబ్బాయో విసరి, కాపలావారిని పిలువవలెను. ఒకరికై దూకి ఇద్దరు పోయిన వార్తలు వేసవి సెలవులలో ప్రతి యేటను వచ్చుచున్నవి.

జాలరులు ఈ పాఠమును వేరుగా ఎరుగుదురు. తెప్పను నీటిలోనికి త్రోయుటకుముందు వారు ఒడ్డున ఊరక నిలుచుండుట చూచినవారికి సోమరితనమువలె కనబడును. వారు లెక్కించుచుందురు. దీర్ఘకెరటములు ఒంటరిగా రావు. కొంచెము తేడాగల ఎడములతో కలసి నడచుటచే ఒకచోట బలములు కూడి గుంపుగా, మరియొకచోట ఒకదానిని ఒకటి చెరుపుకొని అణగి వచ్చును. గుంపు నాలుగైదు పెద్దవాటితో పోయి, తరువాత కొన్ని నిమిషములు నెమ్మది. ఆ నెమ్మదిలో తెప్పను మేట దాటింతురు. అంతేకాదు, మనము పిల్లలను దింపరాదన్న ముదురురంగు బాటయే వారికి సముద్రములోనికి పోవు దారి. లోనికి లాగు నీరు వారి చేతికి సాయము.

మేమిప్పుడు సూచన చదువు తీరు ఇది. ఎత్తుకంటె ముందు ఎడము చూతుము. 0.8 మీటరు, 7 సెకనులు, గాలి పడమరనుండి స్వల్పము అని యున్నచో, పోటుపాట్ల వేళలు చూచి పిల్లలను వెంటగొని పోవుదుము. అదే 0.8 మీటరు, 16 సెకనులు అని యున్నచో, పోయినను నీటి దాపునకు చేరనీయము. అధిక కెరటముల హెచ్చరిక యున్ననాడు తీరమునకే పోము. ఏ దినమైనను, చేరగనే నీటిలో దిగక, వీలైనంత ఎత్తైన చోట నిలిచి పదునైదు నిమిషములకు తక్కువ గాకుండ సముద్రమును చూతుము. ఒక గుంపైనను వచ్చిపోవుట కనబడవలెను. నురుగులేని బాట ఎచ్చట నున్నదో తెలియవలెను. పిల్లలు తొందరపెట్టుదురు, నిజమే. ఆ పదునైదు నిమిషములు వారికి తడి ఇసుకలో ఒక మంచి గూడు కట్టుకొనుటకు చాలును.